వైజాగ్‌లో సెకండ్ హ్యాండ్ గోల్ఫ్ సెట్ కొంటున్నారా? "నేవీ ఆఫీసర్ గారి కిట్" అంటే కాస్త ఆగండి

మన ఊళ్లో గోల్ఫ్ సామాను అమ్మే ఒకతను వాట్సాప్‌లో ఒక ప్రకటన తిప్పుతున్నాడు, మీలో కొందరికి వచ్చే ఉంటుంది. నేవీ ఆఫీసర్ గారికి ముంబై ట్రాన్స్‌ఫర్ అయిందట, బ్యాగుతో సహా ఫుల్ సెట్, బిగినర్ నుంచి ప్రో దాకా ఎవరికైనా సరిపోతుంది, అర్జెంట్ సేల్. నేను 45 వేలు పెట్టి కొన్నాను. ఆఫీసర్ గారూ లేరు, సెట్టూ లేదు, ఎక్కడెక్కడివో క్లబ్బులు ఒక బ్యాగులో దూర్చి అంటగట్టాడు.

అతను చెప్పే మాట ఒకటుంది, మీకూ అదే చెబుతాడు. "కాలవే, పింగ్ నేర్చుకునేవాళ్లకి సార్, టైటిలిస్ట్, మిజునో అంటే ప్రోలకి, నేను మీకు రెండూ కలిసొచ్చేలా ఇస్తున్నా." ఇది ఉత్త సోది. పెద్ద కంపెనీలన్నీ అన్ని స్థాయిలవాళ్లకీ చేస్తాయి. పింగ్‌లో జీ425, జీ430 లాంటివి కొత్తవాళ్లు హాయిగా ఆడొచ్చు, అదే పింగ్ వాళ్ల బ్లూప్రింట్ ఐరన్లు (ఒక్కో దూరానికి ఒక్కో నంబర్ ఉండే లోహపు తల క్లబ్బులు) చేయి తిరిగినవాళ్లకే. టైటిలిస్ట్‌లో టీ100 బాగా ఆడేవాళ్ల కోసం, టీ350 నాలాంటి నేర్చుకునేవాళ్ల కోసం. మిజునో అనగానే బ్లేడ్లే (కొట్టడం కష్టమైన సన్నటి ఐరన్లు) గుర్తొస్తాయి కానీ వాళ్లదే జేపీఎక్స్ హాట్ మెటల్ తీసుకుంటే మామూలు ఆటగాడికి ఏ ఇబ్బందీ ఉండదు. టేలర్‌మేడ్‌లో పీ7ఎంబీ ఒక కొస, స్టెల్త్ ఇంకో కొస. కాబట్టి బ్రాండు పేరు విని కొనకండి, మోడల్ పేరు అడగండి. అది చెప్పకుండా "టాప్ బ్రాండ్ సార్" అంటుంటే అక్కడే అనుమానించాలి.

నాకు ఇచ్చిన ఐరన్లు ఎక్కువగా బ్లేడ్లు. నేర్చుకుంటున్నానని ముందే చెప్పాను, చాట్‌లో కూడా ఉంది. తెలియనివాళ్లకి చెబుతున్నా, క్లబ్ తల వెనక గుంటలా తొలిచి బరువంతా అంచులకి సర్ది ఉంటే క్యావిటీ బ్యాక్, బంతి కాస్త పక్కకి తగిలినా మరీ అడ్డదిడ్డంగా పోదు. బ్లేడ్‌కి ఆ గుంట ఉండదు, సన్నగా అందంగా ఉంటుంది, మధ్యలో తగలకపోతే మాత్రం మోచేయి దాకా జివ్వుమంటుంది.

అవి కూడా ఒకే సెట్ అయితే సర్దుకుపోయేవాణ్ణేమో. ముడసర్లోవ కోర్సులో బ్యాగు తీయగానే క్లబ్బులు మోసే క్యాడీ రెండు ఐరన్లు పక్కపక్కన పెట్టి చూసి, "ఏటి సార్, ఈ ఏడూ ఎనిమిదీ ఒక తల్లి పిల్లలు కావు" అన్నాడు. నిజమే. ఎనిమిది పాత బ్లేడ్, ఏడు మాత్రం ఈ మధ్య మోడల్. ఇప్పటి కొత్త మోడళ్లలో ఏడో నంబర్ లాఫ్ట్ (క్లబ్ ముఖం వెనక్కి వాలి ఉండే కోణం) 28, 30 డిగ్రీల దగ్గర ఉంటుంది, పాత బ్లేడ్లలో 34, 35. ఏడుకీ ఎనిమిదికీ మధ్య మామూలుగా 4 డిగ్రీలు తేడా ఉండాల్సింది నా బ్యాగులో దాదాపు 10 అయింది. అంటే మధ్యలో ఒక క్లబ్ మొత్తం ఎగిరిపోయినట్టే!

ఇక షాఫ్ట్‌లు, అంటే క్లబ్ కర్రలు. అన్నింటి మీదా రెగ్యులర్ (మామూలుగా వంగేది) అని ఆర్ స్టిక్కర్ ఉంది, అంచు లేచి ఉంటే గోటితో గీకాను, కింద ఎక్స్ బయటపడింది. ఎక్స్ అంటే ఎక్స్‌ట్రా స్టిఫ్, బాగా తక్కువ వంగేది, చాలా వేగంగా స్వింగ్ చేసేవాళ్లకి. గ్రిప్‌లు మాత్రం కొత్తవి వేశాడు, చేతికి తగిలేది అదే కదా మరి. తల, షాఫ్ట్ కలిసే చోట ఉండే నల్ల రింగు చుట్టూ జిగురు బయటికి కారి గట్టిపడి ఉంది. దాని కింద వెండి రంగు స్ప్రే కొట్టాడు, గుడ్డతో గట్టిగా తుడిస్తే తుప్పు కనిపించింది. మన బీచ్ గాలికి క్రోమ్ పోయిన ఐరన్ నిలవదు, అందుకే రంగు మరీ కొత్తగా మెరుస్తుంటే ఇంకా గట్టిగా తుడవండి.

డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద తల క్లబ్) అయితే పక్కా నకిలీ. టైటానియం అని చెప్పాడు. టైటానియానికి అయస్కాంతం అంటుకోదు. ఇంట్లో ఫ్రిజ్ మీద ఉండే మాగ్నెట్ తీసి పైన పెడితే తిప్పినా కింద పడలేదు. కింద బరువు కోసం బిగించే స్క్రూ దగ్గర అంటుకుంటే అనుమానించక్కర్లేదు, పైన, ముందు భాగంలో పెట్టి చూడండి. బ్రాండు పేరు ఇక్కడ రాయను, తప్పు కంపెనీది కాదు.

పింగ్ కొనేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది, ఐరన్ల మెడ మీద సీరియల్ నంబర్ ఉంటుంది, అది కంపెనీకి పంపితే ఫ్యాక్టరీ నుంచి ఏ షాఫ్ట్‌తో, ఏ కొలతలతో వెళ్లిందో చెబుతారు. సెట్‌లో అన్నిటి మీదా ఒకే నంబర్ ఉందో లేదో కూడా చూసుకోండి. ఏ బ్రాండైనా డబ్బు కట్టే ముందు ప్రాక్టీస్ రేంజ్‌లో ఓ బుట్ట బంతులు కొట్టనివ్వమని అడగండి. నేను అడిగితే "ఆఫీసర్ గారు ఒప్పుకోరు సార్" అన్నాడు.

డబ్బు వెనక్కి అడిగాను. ముందు సగం ఇస్తానన్నాడు, తర్వాత ఇంకో సెట్ మార్చి ఇస్తానన్నాడు, ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. బిల్లు ఇవ్వలేదు. యూపీఐ రసీదు, చాట్ జతచేసి కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో కంప్లయింట్ పెట్టాను. ఇతని దగ్గరే కొని మోసపోయినవాళ్లు ఇంకెవరైనా ఉంటే కోపంలో చాట్ డిలీట్ చేయకండి, "ఒరిజినల్" అని అతను తన చేత్తో టైప్ చేసిన మెసేజ్ ఉంటే ముందు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని నాకు మెసేజ్ చేయండి.