పదకొండేళ్లుగా నా కొయ్యపడవ: పాత ఫోక్‌బోట్ కొందామనుకునేవాళ్లకి

2013లో కొన్నాను. అప్పటికి దాని వయసు 56, అంటే నాకంటే పద్దెనిమిదేళ్లు పెద్దది. డెన్మార్క్‌లో 1957లో కట్టి ఓడ మీద కాలిఫోర్నియాకి తెచ్చిన నార్డిక్ ఫోక్‌బోట్, అంటే చిన్న తెరచాప పడవ. శాన్‌ఫ్రాన్సిస్కో బేలో పదకొండేళ్లు నడిపాక రాస్తున్నాను కాబట్టి కొత్త మోజులో రాసింది కాదు.

మామూలు జీతాలవాళ్లు కూడా కొనుక్కోగలిగే పడవ కావాలని స్వీడన్‌లో పోటీ పెడితే 58 డిజైన్లు వచ్చాయట. ఏ ఒక్కటీ జడ్జీలకి పూర్తిగా నచ్చలేదు. నచ్చినవాటిలో మంచివి ఏరి, టోర్డ్ సుండెన్ చేత ఒకటిగా గీయించారు. మొదటి పడవ 1942లో నీళ్లలో దిగింది. పదిమంది కలిసి తేల్చిన డిజైన్ బాగా రావడం నా ఉద్యోగంలో ఒక్కసారీ చూడలేదు, ఇది మాత్రం వచ్చింది. పొడవు 7.64 మీటర్లు, వెడల్పు 2.20, బరువు రెండు టన్నులకి కాస్త తక్కువ, అందులో సగానికి పైగా అడుగునున్న ఇనుప కీలే (పడవ తిరగబడకుండా ఆపే బరువు దిమ్మ). అందుకే వేసవి మధ్యాహ్నాలు గోల్డెన్ గేట్ జలసంధిలోంచి గాలి 20, 25 నాట్ల (గంటకి సుమారు 40 కిలోమీటర్ల) వేగంతో తోసుకొచ్చినప్పుడు, చుట్టూ పెద్ద ఫైబర్ పడవలు తెరచాపలు కుదించుకుంటుంటే ఇది పూర్తి తెరచాపతో పక్కకి ఒరిగి హాయిగా పోతుంటుంది.

సుఖం మాత్రం అడక్కండి. కేబిన్‌లో నిలబడలేరు. మనం కూర్చునే చోట పడ్డ నీళ్లు వాటంతటవే బయటికి పోవు, అల లోపలికొస్తే పంపు కొట్టాల్సిందే. మా ఆవిడ దీన్ని "తేలే నులకమంచం" అంటుంది.

అసలు చెప్పాల్సింది పాత ఓనర్ల గురించి. నాకు ముందు ఐదుగురు. పడవతో పాటు ఒక రిపేర్ల నోట్‌బుక్ వచ్చింది, అందులో మొదటి ముగ్గురి చేతిరాతా ఉంది: ఎన్ని రాగి రివెట్లు మార్చారు, లోపలి ఓక్ పక్కటెముకల్లో ఏవి విరిగితే కొత్తవి వేశారు, అన్నీ తేదీలతో సహా. నాలుగో ఆయన ఒక్క ముక్క రాయలేదు. ఆయన ఏం చేశాడో నాకు 2015లో తెలిసింది.

ఆ ఏడాది నాన్న వచ్చారు. తాళ్లరేవు మనిషి, చిన్నప్పుడు అక్కడ వడ్రంగులు ఓడలు కడుతుంటే చూస్తూ పెరిగారు. పడవని రంగుకోసం ఒడ్డుకెక్కించి ఉంచాం. జేబులోంచి క్వార్టర్ (పాతిక సెంట్ల) బిళ్ల తీసి పలకల మీద కొట్టుకుంటూ చుట్టూ తిరిగారు. టక్, టక్, టక్ అంటూ వచ్చి, కుడివైపు ఒకచోట శబ్దం మెత్తబడింది. "ఇక్కడెవడో తొందరపడ్డాడ్రా" అన్నారు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పిడి దాకా దిగిపోయింది. కొనేటప్పుడు డబ్బిచ్చి తనిఖీ చేయించుకున్న రిపోర్టులో ఆ చోటు ఊసే లేదు.

జరిగిందేంటంటే, ఈ పడవలో పలకలు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీదొకటి ఎక్కి, రాగి రివెట్లతో బిగించి ఉంటాయి. నీళ్లలోకి దించగానే ఒకటి రెండు రోజులు కారుతుంది, చెక్క నాని ఉబ్బి సందులు మూసుకున్నాక ఆగుతుంది. ఆ కారడానికి భయపడి నాలుగో ఓనరు సందుల్లో గట్టిపడే ఎపాక్సీ జిగురు కూరాడు. పలకకి ఉబ్బే చోటు లేక చీలింది, వెనకున్న రెండు పక్కటెముకలు విరిగాయి, పైనుంచి వాన నీళ్లు ఆ చీలికలో చేరి కుళ్లబెట్టాయి. ఉప్పునీళ్లు చెక్కని కాపాడతాయి, చంపేది వాన నీళ్లే, అందుకే మంచి టార్పాలిన్ మీద ఖర్చుకి ఎప్పుడూ వెనకాడొద్దు. ఆ రిపేరుకి పడవ కొన్న ధరకి రెండింతలైంది. మావయ్యగారు ఫోన్‌లో ఆ లెక్క విని కాసేపు మాట్లాడలేదు.

ఈ పడవల్లో పేరున్నదాని చరిత్ర చూసినా, పడవ బాగోగులు ఓనర్ల చేతుల్లోనే ఉంటాయని కనబడుతుంది. బ్రిటిష్ నావికుడు బ్లాండీ హాస్లర్ ఫోక్‌బోట్ డిజైన్‌ని మార్చి కట్టించుకున్న జెస్టర్, 1960లో ప్లిమత్ నుంచి న్యూయార్క్‌కి జరిగిన మొదటి ఒంటరి రేసులో (పడవకి ఒక్కరే మనిషి) 48 రోజులకి చేరి, ఫ్రాన్సిస్ చిచెస్టర్ పడవ తర్వాత రెండోదిగా నిలిచింది. 1964లో మైక్ రిచీ చేతికొచ్చింది, 1988లో అట్లాంటిక్‌లో వదిలేయాల్సి వచ్చేదాకా ఆయనదే. 1953లో కట్టింది మొదలు 35 ఏళ్లకి ఓనర్లు ఇద్దరే! మా కాలిఫోర్నియా వైపైతే షారన్ సైట్స్ ఆడమ్స్ 1965లో లాస్ ఏంజెలిస్ నుంచి హవాయికి 39 రోజుల్లో ఫోక్‌బోట్‌లో ఒంటరిగా వెళ్లింది. కాబట్టి పడవ బలం మీద నాకు అనుమానం లేదు.

కొంటారా? ఏటా వార్నిష్ గీకే ఓపిక లేకపోతే ఫైబర్‌ది తీసుకోండి, బరువు అంతే, రేసుల్లో రెండూ కలిసే పరిగెడతాయి. కొయ్యదే కావాలంటే రంగు చూసి మురిసిపోకుండా నోట్‌బుక్ అడగండి, లేదన్నారంటే ధర బాగా తగ్గించి అడగండి, ఒక బిళ్ల జేబులో వేసుకుని వెళ్లండి. కీల్ బోల్టు ఒక్కటైనా ఊడదీయించి తుప్పు చూడండి.

నేనూ పెద్ద గొప్పవాణ్నేం కాదు. 2019లో రేసుకి టైమైపోతోందని నీటిమట్టం కింద నాలుగు స్టెయిన్‌లెస్ స్క్రూలు బిగించేశాను, అవి గాలి తగలని తడి చెక్కలో లోపల్లోపలే తినేసుకుపోతాయని తెలిసి కూడా. ఇంకా మార్చలేదు. నోట్‌బుక్‌లో మాత్రం రాశాను: ఎడమవైపు, కింది నుంచి మూడో పలక, తెరచాప స్తంభానికి రెండు జానల వెనక.