ఆబింగ్డన్ నుంచి గేడన్ దాకా మామయ్యగారి ఎంజీబీలో

పాత స్పోర్ట్స్ కారులో ఇంగ్లండ్ చూడాలంటే కాట్స్‌వోల్డ్స్ కొండ ప్రాంతానికి వెళ్లమని అందరూ చెబుతారు. రోడ్ల విషయంలో ఆ మాట నిజమే. ఎక్కడ ఆగాలి, ఎక్కడ బస చేయాలి అన్నది మాత్రం టూరిస్టు గైడు చూసి నిర్ణయించకండి. యాభై ఏళ్లు దాటిన కారుకి ఇరుకు వీధిలో ఫోటోల కంటే, రాత్రి నిలుపుకోవడానికి ఒక మూసిన పెరడు, పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేస్తే ఏమీ అనుకోని ఇరుగుపొరుగు ముఖ్యం.

మాది 1973 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే ఎంజీ అనే బ్రిటిష్ కంపెనీ చేసిన గుడ్డ టాప్ స్పోర్ట్స్ కారు. మామయ్యగారు గుంటూరులో మెడిసిన్ చదివి, 1970ల్లో ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో చేరారు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఈ రెండు సీట్ల బండి, పిల్లలు పుట్టాక గ్యారేజీకే పరిమితమైంది. ఎంతమంది అడిగినా ఆయన అమ్మలేదు. చివరికి మావారూ నేనూ బాగుచేయించడానికి పూనుకున్నాం.

ఈ కారుకి విడిగా ఛాసిస్ (అడుగు చట్రం) ఉండదు, బాడీయే మొత్తం బరువు మోస్తుంది. తలుపుల కింద ముందు నుంచి వెనక్కి సాగే సిల్స్‌లో ఒకదాని లోపల ఒకటిగా రేకుల పొరలుంటాయి. మా బండికి పైన పెయింట్ నున్నగానే ఉంది. అయస్కాంతం పెడితే అంటుకోలేదు, అంతా ఫిల్లరే, అంటే రేకు బదులు పూసిన లప్పం. కోసి చూస్తే గుప్పెళ్లకొద్దీ తుప్పు రాలింది. సిల్ కోసేముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప కడ్డీలు బిగించాలి, లేకపోతే బాడీ కుంగి ఆ తర్వాత తలుపులు పడవు. అందుకే వెల్డింగ్ మాత్రం ఎంజీలు చేసే ఒక స్పెషలిస్టుకి ఇచ్చాం. బిల్లు చూసి గుండె ఝల్లుమంది కానీ, ఖర్చు పెట్టాల్సిన చోటు అదే. క్రోమ్, సీట్లు ఎప్పుడైనా చేయించుకోవచ్చు.

ఇంజన్ పని ఇంట్లోనే చేశారు. 1798 సీసీ ఇంజన్‌కి గాలినీ పెట్రోలునూ కలిపే ఎస్‌యూ కార్బురేటర్లు రెండు ఉంటాయి, రెండూ సమానంగా గాలి పీల్చాలి. మామయ్యగారు తన పాత స్టెతస్కోపు గొట్టం ఒక్కొక్క కార్బురేటర్ నోటి దగ్గర పెట్టి, కళ్లు మూసుకుని ఆ బుస విని, స్క్రూ కొంచెం తిప్పి మళ్లీ వినేవారు. "రెండు ఊపిరితిత్తులూ ఒకేలా పలకాలమ్మా" అన్నారు. ఆయన వదిలేసరికి ఇంజన్ గడియారంలా నడిచింది.

ప్రయాణం ఆబింగ్డన్‌లో మొదలుపెట్టాం. 1929 నుంచి 1980 అక్టోబరు దాకా ఎంజీలు తయారైంది ఈ ఊళ్లోనే. 1962లో మొదలైన ఎంజీబీ ఒక్కటే ఐదు లక్షలు దాటింది. ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు, వెతుక్కుంటూ వెళ్తే నిరాశే. దాని పక్కనున్న కింబర్ హౌస్, అంటే ఎంజీ కార్ క్లబ్ ఆఫీసు, మాత్రం చూడదగ్గది. కౌంటీ హాల్ మ్యూజియంలో పై అంతస్తులో ఒక ఎంజీబీని పెట్టారు. దాని ముందు మామయ్యగారు చాలాసేపు నిలబడ్డారు. కారుతో పాటు ఊరి చరిత్ర కూడా చూడాలనుకునేవాళ్లకి ఆబింగ్డన్‌లో ఒక పూట సరిపోతుంది.

అక్కడి నుంచి విట్నీ మీదుగా బర్‌ఫర్డ్. ఎంజీబీ కొత్త బాడీషెల్స్ ఇప్పటికీ విట్నీలోనే తయారవుతున్నాయి. బర్‌ఫర్డ్‌లో మేం దిగిన పాత సత్రం లాంటి ఇన్‌కి వెనకాల గేటున్న పెరడు ఉంది. గది చిన్నది, మెట్లు నిటారుగా ఉన్నాయి, మామయ్యగారి మోకాళ్లకి కష్టమైంది. అయినా నేను దానికే ఓటేస్తాను. ముందే ఫోన్ చేసి అడిగితే కారుకి ఒక మూల ఖాళీ ఉంచారు. బ్రాడ్‌వే దగ్గర ఖరీదైన హోటల్లో గది, భోజనం రెండూ బాగున్నాయి కానీ, పార్కింగ్ అంటే రోడ్డు పక్కనే. గుడ్డ టాప్ ఉన్న కారుని రాత్రంతా అలా వదలడమంటే టెన్షన్.

బోర్టన్ ఆన్ ది వాటర్‌కి వారాంతంలో మధ్యాహ్నం వెళ్లకండి. ట్రాఫిక్‌లో నిలబడి నిలబడి టెంపరేచర్ ముల్లు ఎక్కడమే పని. పొద్దున్నే చేరుకుంటే పాత మిల్లులో ఉన్న మోటారింగ్ మ్యూజియం చూసి, జనం వచ్చేలోపు బయటపడొచ్చు. స్టో ఆన్ ది వోల్డ్ ఊరు దాటాక కొండల మీది చిన్న రోడ్లే ఈ యాత్రకి ప్రాణం. టాప్ తీసి, మూడో గేరులో ఓవర్‌డ్రైవ్ (ఇంజన్ తిరిగే వేగం తగ్గించే అదనపు గేరు) వేసి వంపులు తిరుగుతుంటే మామయ్యగారు "నాకివ్వమ్మా కాసేపు" అని స్టీరింగ్ తీసుకున్నారు. ఇక దిగలేదు. మావారూ అత్తయ్యా వెనక మామూలు కారులో సామానుతో వచ్చారు. ఇలా రెండో బండి ఉండటం మంచిది, డిక్కీలో టూల్స్‌కి, స్పేర్ చక్రానికే చోటు చాలదు.

బ్రాడ్‌వే నుంచి ఫిష్ హిల్ ఎక్కుతుండగా ఇంజన్ తడబడి ఆగిపోయింది. ఇన్సూరెన్స్‌తో పాటు వచ్చిన బ్రేక్‌డౌన్ సర్వీసుకి ఫోన్ చేస్తే చాలాసేపు లైన్లోనే ఉంచారు. వచ్చిన మనిషి మాత్రం బంగారం. బానెట్ ఎత్తగానే స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల తిరిగే రోటార్ ఆర్మ్‌లో వెంట్రుకవాసి పగులు చూపించాడు. మా డబ్బాలోని స్పేర్‌తో బండి వెంటనే అందుకుంది. కొత్తగా తయారై వస్తున్న ఈ చిన్న భాగాలు కొన్నిసార్లు పాతవాటికంటే ముందు పోతాయి. రోటార్ ఆర్మ్, కండెన్సర్, ఫ్యాన్ బెల్టు వెంట లేకుండా బయల్దేరకండి. పెట్రోలు విషయంలోనూ జాగ్రత్త. మామూలు బంకుల్లో దొరికే ఈ10 (E10) పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది పాత రబ్బరు గొట్టాలకి మంచిది కాదు. ఇథనాల్ తక్కువుండే ఈ5 (E5) సూపర్ అన్‌లెడెడ్ పల్లెటూళ్లలో అన్నిచోట్లా ఉండదు, పెద్ద ఊళ్లోనే ట్యాంకు నింపుకోండి.

చివరిది గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం. సమయం తక్కువుంటే మిగతావన్నీ వదిలేసి ఇక్కడికే వెళ్లమంటాను. ఎంజీని స్థాపించిన సెసిల్ కింబర్ 1925లో నడిపిన 'ఓల్డ్ నంబర్ వన్' ఇక్కడుంది. 1957లో రేసు డ్రైవర్ స్టిర్లింగ్ మాస్ గంటకి 245 మైళ్ల వేగం అందుకున్న నీటిబొట్టు ఆకారపు రికార్డు కారు ఈఎక్స్181 కూడా ఉంది. దాని ఇంజన్ మా బండి ఇంజన్ వంశానిదే. ఇక్కడి ఆర్కైవ్‌కి ఛాసిస్ నంబరు పంపి రుసుము కడితే, కారు ఏ రోజు తయారైంది, అప్పటి రంగేమిటి అన్న వివరాలతో సర్టిఫికెట్ ఇస్తారు. పెయింట్ వేయించేముందే అది తెప్పించుకున్నాం కాబట్టి డమాస్క్ రెడ్ అని తేలింది, ఇంట్లో ఏళ్ల తరబడి నడిచిన వాదన ముగిసింది.

40 ఏళ్లు దాటిన కార్లకి రోడ్ ట్యాక్స్ కట్టక్కర్లేదు, పెద్ద మార్పులు చేయకపోతే ఏటా చేసే ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష కూడా తప్పనిసరి కాదు. మేం మాత్రం యాత్రకి ముందు ఎంఓటీ చేయించాం. బ్రేకులు, స్టీరింగ్ వేరే కళ్లతో చూడటం అవసరం. వచ్చేసారి బోర్టన్ తీసేసి బర్‌ఫర్డ్‌లో ఇంకో రాత్రి ఉంటాం. కింది అంతస్తు గది ఇప్పుడే అడిగి పెట్టాను.