1966 అలీ, 1988 టైసన్: ఎదురుపడితే ఎవరు?

బాక్సర్లు మహమ్మద్ అలీ, మైక్ టైసన్ ఎదురుపడితే ఎవరు గెలుస్తారో చెప్పాలంటే, ముందు ఏ ఏడాది మనిషో తేల్చుకోవాలి. 1980లో కాళ్లు ఆడని అలీని, 2002 నాటి టైసన్‌ని పోల్చడం ఇద్దరికీ అన్యాయం. మంచి ఊపులో ఉన్న రోజులే తీసుకుందాం.

ఎత్తు: అలీ 6 అడుగుల 3 అంగుళాలు, టైసన్ 5 అడుగుల 10.
రీచ్ (చాచిన చేతుల కొన నుంచి కొనకి పొడవు): అలీ 78 అంగుళాలు, టైసన్ 71.
బరువు: చెప్పుకోదగ్గ తేడా లేదు.
వేగం: అలీది కాళ్లలో, జాబ్‌లో (ముందు చేత్తో విసిరే సూటి గుద్దు). టైసన్‌ది తల కదలికలో, దగ్గరికొచ్చాక వరసగా పడే గుద్దుల్లో.

అసలు విషయం రిస్క్. అలీ చేతులు దించి, వెనక్కి వంగి దెబ్బ తప్పించుకునేవాడు. ఆ అలవాటుకు ఎడమ హుక్ (మోచెయ్యి వంచి పక్కనుంచి విసిరే గుద్దు) శత్రువు. 1963లో హెన్రీ కూపర్, 1971లో జో ఫ్రేజియర్ దానితోనే అతన్ని పడగొట్టారు. టైసన్ హుక్ ఇంకా వేగం. 1988లో మైకేల్ స్పింక్స్ అతని చేతిలో 91 సెకన్లలోనే ఓడిపోయాడు. అయితే అలీ రెండుసార్లూ లేచి నిలబడ్డాడు, అది మర్చిపోకూడదు.

టైసన్‌కి దూరమే ప్రమాదం. 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ జాబ్‌తో అతన్ని దూరం పెట్టి, 10వ రౌండ్‌లో నాకౌట్ చేశాడు. అలీ జాబ్ అంతకన్నా చురుకు.

మొదటి 4 రౌండ్లలో తేలిపోతే టైసన్‌దే. రింగ్ చిన్నదైతే అతనికి మరీ మేలు. 6 దాటితే అలీ. పాత పద్ధతిలో 15 రౌండ్లంటే మాత్రం నేను కళ్లు మూసుకుని అలీ వైపే.