బాపు బుల్లెట్, పెద్దబాపు పానాలు: తొమ్మిదేళ్లు వాడాక చెప్తున్నా

హనుమకొండలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. తొమ్మిదేళ్లుగా అందులో పాత బండ్లు విప్పి బిగిస్తున్నాను. మొదటిది బాపు నడిపిన 1974 బుల్లెట్ 350, తర్వాత ఒక యెజ్డీ, రెండు యమహా ఆర్‌ఎక్స్ 100లు. నేను మెకానిక్‌ను కాను, ఆదివారాలు గ్రీజు పూసుకునే రకం. పాత బండికి ఏ టూల్స్ కొనాలని ఎవరైనా అడిగితే అందరూ ఆ పెద్ద సాకెట్ల పెట్టెనే చూపిస్తారు కాబట్టి నా లెక్క కూడా చెప్తాను.

నేనూ మొదట పెట్టెనే కొన్నాను. నూట ఎనిమిది ముక్కలు, తళతళ మెరుస్తూ. బుల్లెట్ మీద పెడితే 13 సాకెట్ ఎక్కదు, 14 వదులుగా తిరుగుతుంది. 11 ఎక్కదు, 12 వదులు. చైనా మాల్ కదా, సైజు తప్పిందనుకొని దుకాణం వాడితో గొడవ కూడా పెట్టుకున్నా. తప్పు నాదే. ఈ బండి మద్రాసులో 1955లో మొదలైంది, కానీ పుట్టింది ఇంగ్లండులో. అందుకే ఆ కాలం బుల్లెట్‌లో అంతా ఇంచుల లెక్క, అది కూడా విట్‌వర్త్ అనే పాత ఇంగ్లీషు నట్టు బోల్ట్‌ల లెక్క. విట్‌వర్త్ పానా మీద ఉండే అంకె నట్టు తలది కాదు, లోపలి బోల్ట్ మందానిది. 1/4 అని ఉన్న పానా నోరు 0.525 ఇంచులు, అంటే 13.3 మిల్లీమీటర్లు. మన 13కూ 14కూ మధ్య ఇరుక్కున్న సైజు. 14 పెట్టి గట్టిగా గుంజితే నట్టు మూలలు గుండ్రంగా అయిపోతాయి. నేను అట్లనే నాలుగు చెడగొట్టుకున్నా.

పానాలు ఇంట్లోనే దొరికాయి. మా పెద్దబాపు వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో ఫిట్టరు, 1934లో పెట్టిన ఆ మిల్లు మూతపడ్డప్పుడు ఆయన ఇంటికి తెచ్చుకున్న ఇనుప పెట్టెలో ఏడు విట్‌వర్త్ పానాలు ఉన్నాయి. వాటిని గ్యాస్‌నూనెలో నానబెట్టి రుద్దితే అంకెలు బయటపడ్డాయి. తొమ్మిదేళ్లలో ఒక్కదాని నోరు కూడా తెరుచుకోలేదు. మీకు అట్లాంటి పెద్దబాపు లేకపోతే ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత ఇనుము కుప్పలు వెతకండి. కొత్తవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి కానీ ధర చూస్తే గుండె ఆగుతుంది. యెజ్డీకి, ఆర్‌ఎక్స్‌కు మాత్రం మామూలు మిల్లీమీటర్ పానాలే చాలు. నా టపారియా రింగు పానాల సెట్టు మొదటి ఏడాదిది, ఇంకా కొత్తదాని లాగే పట్టుకుంటుంది.

ఇక థ్రెడ్డు, అంటే బోల్ట్ మరల సంగతి. అసలు డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. 5/16 బోల్ట్‌నే తీసుకోండి, విట్‌వర్త్ అయితే ఇంచుకు 18 మరలు, బీఎస్ఎఫ్ అనే సన్న మరల ఇంగ్లీషు రకం అయితే 22, ఇంకా సన్నదైన సైకిల్ థ్రెడ్డు అయితే 26. మందం అన్నిటికీ 7.94 మిల్లీమీటర్లే. మిల్లీమీటర్ లెక్కలో (మెట్రిక్) దానికి దగ్గరిదైన ఎం8 బోల్ట్ మందం 8, మరలు ఇంచుకు 20కి కొంచెం పైన. కాబట్టి ఎం8ను ఈ రంధ్రాల్లో పెడితే ఒకటి రెండు చుట్లు ఎక్కుతుంది, ఆ తర్వాత బిగుస్తుంది, బాగానే పట్టిందని మనిషి సంబరపడతాడు. అల్యూమినియంలో అయితే అప్పటికే మరలు కోసుకుపోయి ఉంటాయి. మా బుల్లెట్ క్రాంక్‌కేసులో, అంటే ఇంజన్ కింది డబ్బాలో, ఎవరో మిస్త్రీ ఎప్పుడో అదే చేశాడు. ములుగు రోడ్డు వైపు లేత్ పెద్దాయన దగ్గరికి తీసుకుపోతే ఒక్క చూపు చూసి, "తమ్మీ, ఇంచుల బండిల మిల్లీమీటర్ బోల్ట్ ఎవడు దోపిండు?" అన్నాడు. బుష్, అంటే చిన్న లోహపు గొట్టం చేసి ఎక్కించి కొత్త థ్రెడ్డు వేసి ఇచ్చాడు. దాని పక్కనే ఉన్న రంధ్రాన్ని నేను మాత్రం బాగు చేయకుండా వదిలేశాను, ఇప్పటికీ అక్కడి నుంచి ఆయిల్ చెమ్మ.

ఆ రోజు ఆయన చేతిలో చూసిన పిచ్ గేజిని, అంటే మరలకు ఆనించి ఏ రకమో చూసే పళ్ల రేకుల కట్టను, మర్నాడే కొన్నాను. 55 డిగ్రీలది ఒకటి, 60 డిగ్రీలది ఒకటి. రెండూ కలిపి నాలుగు చాయ్, సమోసాల ఖర్చు కంటే కొంచెం ఎక్కువ, అంతే. ఈ షెడ్డులో ఎక్కువసార్లు చేతికొచ్చేది అదే. విట్‌వర్త్, బీఎస్ఎఫ్ మరల కోణం 55, సైకిల్ థ్రెడ్డుదీ మెట్రిక్‌దీ 60. కంటితో తేడా తెలియదు, గేజి పెట్టి వెలుతురుకు ఎత్తి చూడాలి.

రంధ్రంలో మరలు కోసే ట్యాపుల విషయంలో నా చేతులు కాలాయి. మొదటి సెట్టు నలభై ముక్కలది, పేరు చెప్పను. రెండో రంధ్రంలోనే 1/4 ట్యాపు పుటుక్కున విరిగింది. రెండోసారి కూడా చవకదే తెచ్చాను, బుద్ధి రాలేదు. మూడోసారి రాణిగంజ్ పోయి టోటెం కంపెనీ హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) ట్యాపులు కావలసిన సైజుల్లో విడిగా కొన్నా, ఒక్కో సైజుకు మూడు, మొదటిది, మధ్యది, అడుగుది. ఆరేళ్లయింది, ఒక్కటీ పోలేదు. అల్యూమినియంకు కిరోసిన్ చుక్క వేసి, అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కు. ట్యాపు దించే ముందు రంధ్రానికి 1/4 విట్‌వర్త్‌కు 5.1 మిల్లీమీటర్ల డ్రిల్లు, 5/16కు 6.5.

ఆర్‌ఎక్స్ 100 వేరే తలనొప్పి. దాని కవర్ స్క్రూలు ప్లస్ గుర్తులాగే ఉంటాయి కానీ అవి జపాన్ ప్రమాణమైన జేఐఎస్ రకం, మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే ఎగిరి స్క్రూ తల తినేస్తుంది. కొన్ని స్క్రూల తల మీద చిన్న చుక్క ఉంటుంది, అదే గుర్తు. వెసెల్ ఇంపాక్టా స్క్రూడ్రైవర్ తెప్పించుకున్నాక సుత్తితో ఒక్క దెబ్బ, అది తనే కొంచెం తిరుగుతుంది, స్క్రూ వదులవుతుంది. ధర ఎక్కువే, కానీ పదహారు స్క్రూల తలలు కోసిన తర్వాత ఎక్కువ అనిపించదు.

మరలు పోయిన రంధ్రంలో తీగచుట్ట ఎక్కించి కొత్త మరలు ఇచ్చే హెలికాయిల్ కిట్టు ఎం6ది ఒకటి ఉంచుకోండి, చాలు. ఆ చుట్టకు చివర్న విరిచే తోక ఇంజన్‌లోకి జారకుండా ట్యాపుకు, తోకకు గ్రీజు పూయండి.

స్టెయిన్‌లెస్ బోల్ట్‌ల మోజు నాకూ ఉండేది. మెరుపు బాగుంటుంది, తుప్పు పట్టదు. కానీ తల మీద ఏ2-70 అని ఉన్న స్టెయిన్‌లెస్ బోల్ట్, 8.8 అని ఉన్న మామూలు ఉక్కు బోల్ట్ కంటే బలహీనం. అందుకే మడ్‌గార్డుకు సరే, ఇంజన్ మౌంటింగ్‌కు, బ్రేకు ప్లేటుకు వద్దు.

ఒక్కటే వస్తువును గట్టిగా తిడతాను, విరిగిన బోల్ట్‌ను బయటకు తిప్పి తీస్తుందనే ఈజీ ఔట్. యెజ్డీ క్రాంక్‌కేసులో సిలిండర్‌ను పట్టి ఉంచే స్టడ్ (తల లేని బోల్ట్) విరిగితే దాంతో తిప్పాను, అది కూడా లోపలే విరిగింది. గట్టిపరచిన ఉక్కు కదా, మామూలు డ్రిల్లు దాని మీద జారిపోతుంది. విరిగిన స్టడ్ కొంచెం బయటకు ఉంటే దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ కొట్టించండి, ఆ వేడికే సగం వదులవుతుంది. నా యెజ్డీ కేసు మాత్రం ఇంకా షెల్ఫ్ మీదే ఉంది. లోపల విరిగిన ఉక్కును స్పార్క్ ఎరోజన్‌తో, అంటే కరెంటు నిప్పురవ్వలతో, తినిపించేవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారట, ఈసారి పోయినప్పుడు సంచిలో వేసుకొని పోవాలి.