‘బోల్ట్ ఆన్’ స్పోర్ట్ ఎగ్జాస్ట్ కొంటున్నారా? బిగించిన ఫొటో మాత్రం సెల్లర్‌కి పంపకండి

ఒళ్లు మండిపోతోంది. ఆ లిస్టింగ్ ఇప్పటికీ అలాగే ఉంది, ‘కొద్ది పీసులే మిగిలాయి’ అని ఎర్ర అక్షరాల్లో మెరుస్తూనే ఉంది. మనలో ఎవరో ఒకరు ఈ రాత్రే ఆర్డర్ పెట్టేస్తారు, అందుకే కోపం చల్లారకముందే రాస్తున్నా. సెల్లర్ పేరు రాయను. స్పోర్ట్ ఎగ్జాస్ట్‌ల కోసం వెతికేవాళ్లకి ఎలాంటి బాపతో చదవగానే తెలుస్తుంది: నీలంగా కాలిన టిప్పుల ఫొటోలు, చెవులు అదిరే సౌండ్ క్లిప్పులు, ప్రతి కారుకీ ఒక సైలెన్సర్, అన్నిటి కిందా అదే వివరణ.

కారు మాజ్దా ఎంఎక్స్-5, 2015లో వచ్చిన నాలుగో తరం. కొన్నది యాక్సిల్ బ్యాక్, అంటే వెనక ఇరుసు దాటాక ఉండే సైలెన్సర్, దాని పైపు, టిప్పులు. అంతే. క్యాటలిటిక్ కన్వర్టర్‌ని ముట్టుకునే పని లేదు, ఆక్సిజన్ సెన్సర్ల జోలికి వెళ్లే పని లేదు. ఎగ్జాస్ట్ పనుల్లో ఇంట్లో చేసుకోవడానికి ఇదే తేలిక. లిస్టింగ్‌లో కూడా అదే రాశారు: ‘నూరు శాతం బోల్ట్ ఆన్. కటింగ్ లేదు, వెల్డింగ్ లేదు. మామూలు పనిముట్లతో ఇంట్లోనే ఎవరైనా బిగించుకోవచ్చు. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్. ఫిట్ కాకపోతే రిటర్న్.’ ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి.

పని ఎలా చేశానో కాస్త వివరంగా చెప్తా. తర్వాత వాళ్లు నన్ను అన్న మాట దీని గురించే. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాను. ముందు చక్రాలకి అడ్డు పెట్టి, వెనక భాగం లేపి, జాక్ స్టాండ్ల మీద కూర్చోబెట్టి, కారుని చేత్తో గట్టిగా ఊపి చూశాకే కిందికి దూరాను. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి నేను ఎప్పుడూ వెళ్లను, ఎవరినీ వెళ్లనివ్వను. ఫ్లాంజ్ (రెండు పైపుల్ని కలిపి బిగించే చదునైన అంచు) నట్లకి ముందు రోజే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచాను. కీచుమని అరిచినా స్టడ్డు విరక్కుండా వచ్చాయి. సైలెన్సర్‌ని కారు కింద వేలాడదీసే కడ్డీలే హ్యాంగర్లు, అవి రబ్బర్లలోకి దూరతాయి; ఆ హ్యాంగర్ రబ్బర్లకి సబ్బు నీళ్లే వాడాను, నూనె తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది కాబట్టి. పాత సైలెన్సర్ బరువుకి కింద ఆసరా పెట్టి, చివరి రబ్బరు లాగి దించాను. గాస్కెట్, అంటే ఫ్లాంజ్ ముఖాల మధ్య లీకు ఆపే పట్టీ, కొత్తది. పాతదీ కొత్తదీ పక్కపక్కన దుప్పటి మీద పెట్టి టేపుతో కొలిస్తే పొడవు సరిపోయింది, ఫ్లాంజ్ రంధ్రాల మధ్య దూరం సరిపోయింది.

తేడా పైకెత్తాకే బయటపడింది. పద్ధతి ప్రకారం హ్యాంగర్లన్నీ రబ్బర్లలోకి ఎక్కించి, ఫ్లాంజ్ నట్లు వేళ్లతో తిప్పి వదిలేసి, అన్నీ సర్దుకున్నాక చివర్లో బిగించాలి. ఇక్కడ సర్దుకుంటేనా! ఫ్లాంజ్ ముఖాలు రెండూ అతికేలా పట్టుకుంటే సైలెన్సర్ ఒక పక్కకి ఒరిగి, బయటి టిప్పు బంపర్ అంచుని తాకుతోంది. టిప్పుల్ని బంపర్ ఖాళీ మధ్యకి తెస్తే ఫ్లాంజ్ కింది భాగం నోరు తెరుస్తోంది. లైటు వేసి చూస్తే కారణం కళ్లెదుటే ఉంది. ఒక హ్యాంగర్ కడ్డీని వంకరగా అతికించారు. వెల్డింగ్ ఒక పక్క ముద్దలా పోగుపడింది, రెండో పక్క లోహం కరిగి కలవనే లేదు, గోరు దూరేంత సందు. ఆ కడ్డీకి తొడిగిన రబ్బరు పక్కకి సాగిపోయి, సాగిన చోట తెల్లబారింది. సైలెన్సర్‌ని అరచేత్తో తడితే పైన హీట్ షీల్డుకి (వేడిని అడ్డుకునే రేకు) తగిలి టకటకమంటోంది.

కొద్దిపాటి తేడాయే కదా, తోసి బిగించెయ్ అనేవాళ్లకి ఒక లెక్క. 304 స్టెయిన్‌లెస్ వేడెక్కితే ప్రతి 100 డిగ్రీల సెల్సియస్‌కీ మీటరు పొడవున దాదాపు 1.7 మిల్లీమీటర్లు సాగుతుంది. 400 డిగ్రీలు పెరిగిందంటే మీటరుకి 7 మిల్లీమీటర్ల దాకా. చల్లగా ఉన్నప్పుడే తాకుతున్న టిప్పు వేడెక్కాక బంపర్ ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. ఇక ఫ్లాంజ్ సందులోంచి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. టాప్ తీసి నడిపే ఇలాంటి కారులో వెనక నుంచి గాలి సుడి తిరిగి సీట్ల దగ్గరికే వస్తుంది. ఇది ప్రాణాలతో పని, సర్దుకుపోయేది కాదు.

అసలు విషయానికి వస్తా. చాట్‌లో సెల్లర్‌కి రాశాను, హ్యాంగర్ వంకరగా ఉంది, ఫ్లాంజ్ కూర్చోవడం లేదు అని. వెంటనే జవాబు. ఎంత మర్యాదో! ‘కంగారు పడకండి సర్. నట్లు పూర్తిగా టైట్ చేసి, ఇంజన్ కాసేపు ఆన్ చేసి, ఫొటోలు పంపండి. ఫైనల్ ఫిట్టింగ్ ఫొటోలు ఉంటేనే మా టెక్నికల్ టీమ్ లోపం గుర్తించగలదు. లోపం ఉంటే రీప్లేస్‌మెంట్ లేదా రీఫండ్, మీ ఇష్టం.’ వాళ్లు అడిగినట్టే నట్లు బిగించి, ఆరుబయట ఇంజన్ కాసేపు ఆన్ చేసి, ఆపేశాను. చల్లటి ఇంజన్ మొదట వదిలే మసి, నీటి తుంపర్లు ఫ్లాంజ్ కింది సందులోంచి చిమ్మాయి. గాస్కెట్ అంచున నల్లటి మరక విసనకర్రలా పరుచుకుంది. అక్కడ లీకు ఉందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? దాన్నే దగ్గరగా ఫొటో తీసి పంపాను. టిప్పు బంపర్‌ని తాకుతున్న ఫొటో, సాగిన రబ్బరు ఫొటో, వెల్డింగ్ ఫొటో కూడా.

చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత వచ్చిన జవాబు ఇది, అక్షరం మార్చకుండా రాస్తున్నా: ‘ఫొటోల ప్రకారం ప్రొడక్ట్ ఇన్‌స్టాల్ అయింది. ఫ్లాంజ్ వద్ద మసి, గాస్కెట్ ముద్ర ఉన్నాయి. వాడిన వస్తువుకి రిటర్న్ వర్తించదు.’

బిగించమన్నది వాళ్లు. ఇంజన్ ఆన్ చెయ్యమన్నది వాళ్లు. ఫొటో అడిగిందీ వాళ్లే. వాళ్ల వెల్డింగ్ లోపం వల్ల కారిన మసిని చూపించి, నువ్వు వాడేశావు అంటున్నారు! ఆ మెసేజ్ చదువుతుంటే నా చేతులు వణికాయి. ఆ మొదటి మర్యాద అంతా ఈ ఫొటో కోసమే. టెక్నికల్ టీమ్ పేరు చెప్పి, లోపం చూపించడానికి పంపిన ఫొటోని నా మీదే సాక్ష్యంగా వాడారు. ఆ మాట అడిగింది మీరే కదా అని పై మెసేజ్ స్క్రీన్‌షాట్ పెడితే దాని గురించి ఒక్క ముక్క లేదు. బదులుగా, ‘సర్టిఫైడ్ వర్క్‌షాప్‌లో బిగించిన బిల్లు ఉందా?’ అన్నారు. ‘ఇంట్లోనే ఎవరైనా బిగించుకోవచ్చు’ అన్న వాళ్ల వాక్యం చూపించాను. దానికి వచ్చిన జవాబు: ‘అనుభవం ఉన్నవాళ్ల గురించి అది. పని రాని చేతుల్లో ఏ ప్రొడక్ట్ అయినా ఇంతే. కావాలంటే హ్యాంగర్ కోయించి వెల్డింగ్ చేయించుకోండి.’ ఆ తర్వాత చాట్ మూసేశారు.

కటింగ్ లేదు, వెల్డింగ్ లేదు అని అమ్మిన నోటితోనే కోయించుకో, వెల్డింగ్ చేయించుకో అన్నారు. డబ్బు సంగతి పక్కన పెట్టినా, పని రాని చేతులు అన్న మాట నాకు దిగడం లేదు. వంకర వాళ్ల ఫ్యాక్టరీలో పుట్టింది. ఆ కడ్డీని అతికించినవాడు పీసుని జిగ్‌లో (కదలకుండా సరైన కోణంలో పట్టుకునే చట్రం) పెట్టాడో లేదో తెలీదు, పంపేముందు ఎవరూ చూసినట్టు లేదు, ఇప్పుడు నింద నా చేతుల మీద.

ఇంకోటి కూడా ఉంది. విప్పేటప్పుడు కిందపడిన నట్టు తీసుకోవడానికి అయస్కాంతం కడ్డీ చాపితే, అది దారిలో సైలెన్సర్ డబ్బాకి టక్కున అతుక్కుంది. 304లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం చుట్టుపక్కల ఉంటాయి. ఆ రేకుకి అయస్కాంతం దాదాపుగా పట్టదు. వంచిన చోట, వెల్డింగ్ పక్కన కొంచెం లాగితే లాగచ్చు, దాన్ని తప్పు పట్టకూడదు. కానీ ఇక్కడ తిన్నటి పైపు మీద, డబ్బా చదును మీద వదలకుండా పట్టుకుంది. ఇది 304 కాదు. 409 లాంటి రకం కావచ్చు, అందులో క్రోమియం 11 శాతం దగ్గర, నికెల్ నామమాత్రం. 409 చెడ్డ లోహం ఏమీ కాదు, కార్ల కంపెనీలే తమ సైలెన్సర్లకి వాడతాయి. పైపైన తుప్పు రంగు తిరుగుతుంది, అయినా చాలాకాలం పనిచేస్తుంది. దాన్ని 304 అని రాసి 304 రేటుకి అమ్మడమే మోసం.

లిస్టింగ్‌లో గుండ్రటి ‘ఇ’ గుర్తు బొమ్మ కూడా ఉంది. బదులుగా వేసే సైలెన్సర్లకి ఐక్యరాజ్యసమితి రెగ్యులేషన్ 59 కింద ఇచ్చే ఆమోదం అది, ఆ గుర్తు సైలెన్సర్ మీదే చెరగకుండా ఉండాలి. నాకొచ్చిన పీసు మీద ఏ అచ్చూ లేదు, అట్టపెట్టె మీద స్టిక్కర్ ఉంది. డెసిబెల్స్ అంకె ఒకటి గొప్పగా వేశారు కానీ ఎంత దూరం నుంచి, ఎంత ఆర్‌పీఎం దగ్గర కొలిచారో లేదు. నిలిపిన కారు శబ్దం కొలవడానికి మైకుని టిప్పుకి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో పెడతారు. ఆ వివరం లేని అంకెకి విలువ లేదు.

ప్రస్తుతం పాత సైలెన్సర్ మళ్లీ ఎక్కించేశాను, మరో కొత్త గాస్కెట్‌తో. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి ఫ్లాంజ్ చుట్టూ సబ్బు నీళ్లు కొట్టి చూశా, ఒక్క బుడగ లేదు. అవే చేతులు, అవే పనిముట్లు.

కొనేవాళ్లకి నాలుగు మాటలు. ఆర్డర్ పెట్టే రోజే లిస్టింగ్ మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత వాక్యాలు మారిపోతాయి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీస్తూ, ఆ వీడియోలోనే అయస్కాంతం పెట్టి చూడండి, ప్రతి హ్యాంగర్ వెల్డింగ్‌నీ చుట్టూ చూపించండి. ఎక్కించి చూసేటప్పుడు గాస్కెట్ వెయ్యొద్దు, నట్లు వేళ్లతో తిప్పినంతవరకే, ఇంజన్ తాళం ముట్టుకోవద్దు. తేడా ఉంటే ఆ వదులు నట్లు కనిపించేలా ఫొటో తీసి, వెంటనే దించెయ్యండి. టైట్ చేసి, స్టార్ట్ చేసి పంపండి అని ఎంత తియ్యగా అడిగినా పంపొద్దు. సెల్లర్ చాట్‌లో వాదించడం కంటే కొన్న వెబ్‌సైట్ వాళ్ల ఫిర్యాదు విభాగానికే మొదటి మెసేజ్ పెట్టండి. పాత సైలెన్సర్‌ని, కొత్తది పూర్తిగా కుదిరేదాకా అమ్మొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు.

నా ఫిర్యాదు వెబ్‌సైట్ దగ్గర నడుస్తోంది, కార్డు బ్యాంకుకి కూడా చాట్ మొత్తం పంపాను. డబ్బు వెనక్కి వస్తే ఏం పంపితే వచ్చిందో రాస్తా. రాకపోయినా రాస్తా.