ఘట్‌కేసర్‌ సైడ్ కిరాయి ఇల్లు చూసేటోళ్లకు: లోకల్ బ్రోకర్ సర్వీస్ ఎట్లుందంటే

5 కి 4 స్టార్లు ఇస్తున్నా. ఒక్క స్టార్ ఎందుకు తగ్గించిననో కింద రాసిన.

మేం ఉప్పల్‌లో ఉండేటోళ్లం, ఓనర్ 15 వేల కిరాయిని ఒక్కసారే 18 వేలు చేసిండు, జీతాలేమో అవే, బాబు స్కూల్ ఫీజు పెరిగింది, ఇగ వరంగల్ హైవే మీద ఇంకొంచెం బయటికి పోదాం అనుకున్నం. బోడుప్పల్, నారపల్లి చూసినం, బడ్జెట్‌ల దొరకలే. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ పనులు 2018ల మొదలైనయి, ఆ రోడ్డు మీద పొద్దున సాయంత్రం ఎంత టైం పోతదో అటు తిరిగేటోళ్లకు తెలుసు, అయినా అక్కడ కిరాయిలు తగ్గలే. ఘట్‌కేసర్‌ ఎందుకంటే అక్కడ స్టేషన్ ఉన్నది, 2024 మార్చిల లింగంపల్లికి ఎంఎంటీఎస్ లోకల్ రైలు మొదలుపెట్టిన్రు, మా ఆయన పని చర్లపల్లిల, అదే లైన్‌ల పడతది. కాకపోతే రైళ్లు తక్కువ, ఆ టైం తప్పితే బస్సే. నాకైతే ఆర్టీసీల మహాలక్ష్మి ఫ్రీ టికెట్ ఉన్నది కాబట్టి దూరం పెరిగినా చార్జీ భారం పడలే, ఇది మా లెక్కల పెద్ద విషయం.

ముందు యాప్‌లల్ల వెతికినం. ఈ సైడ్ మాకు కనిపించినయి ఎక్కువగా పోచారం దగ్గర ఇన్ఫోసిస్ క్యాంపస్ చుట్టూ ఉన్న అపార్ట్‌మెంట్ ఫ్లాట్లే, కిరాయి మీద మెయింటెనెన్స్ వేరే కట్టాలె. కింద ఓనర్, పైన ఒక పోర్షన్ కిరాయికి, అట్లాంటి మామూలు ఇండ్లు చాలావరకు యాప్‌ల దొరకవు, గేటుకు టులెట్ బోర్డు వేలాడుతది లేకపోతే బ్రోకర్ ఫోన్‌ల ఉంటయి. అట్ల తెలిసినోళ్లు చెప్తే ఈ అన్న దగ్గరికి పోయినం, జిరాక్స్ షాపు నడుపుకుంటనే ఈ పని చేస్తడు.

నాకు నచ్చింది ఆయన అడిగే ప్రశ్నలు. బడ్జెట్, ఎంతమంది ఉంటరు, బండా కారా, ఇవి అందరూ అడుగుతరు. ఈయన తెల్ల రేషన్ కార్డు ఉన్నదా అని కూడా అడిగిండు, ఎందుకంటే గృహజ్యోతి, అదే సర్కారు ఫ్రీ కరెంట్ స్కీమ్, కిరాయికి ఉండేటోళ్లకు కూడా వస్తది, ఆ పోర్షన్ మీటర్ సర్వీస్ నంబర్ కార్డుకు లింక్ అయితే 200 యూనిట్ల లోపు బిల్ జీరో. మాకు కార్డు లేదని చెప్పినా, అయినా సరే సెపరేట్ మీటర్ ఉన్న ఇల్లే తీసుకోండక్కా అని గట్టిగ చెప్పిండు. కరెక్టే కదా, రెండు పోర్షన్లకు ఒకటే మీటర్ ఉంటే కలిపి 200 దాటుతది, దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారుతది. ఇగ సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కు 10 రూపాయలు అడిగిన ఓనర్ కూడా మాకు తగిలిండు, అసలు 200 లోపల ఆఖరి స్లాబ్‌ల కూడా యూనిట్‌కు 5 రూపాయలు లేదు. ఇది అన్యాయం, నెలనెలా తెల్వకుండనే జేబుల నుంచి పోతది.

నీళ్ల సంగతి కూడా ఇల్లు చూపించకముందే చెప్పిండు, ఎక్కడ నల్లా వస్తది, ఎక్కడ బోరే దిక్కు, ఎండాకాలం ట్యాంకర్ తెప్పిస్తే పైసలు ఎవరు కట్టాలె అని. మా బాబుకు స్కూలుంటది, పొద్దున నీళ్లు లేకపోతే ఇల్లంత ఆగమైతది, అందుకే నాకు కిరాయి కంటే ఇదే ముఖ్యం.

ఇంకొకటి, ఇండ్లు చూడబోతే ‘మీరేమోళ్లు’ అని, అంటే ఏ కులమని, మొహం మీదనే అడిగేటోళ్లు ఉన్నరు. ఊరు ఇంత పెరిగినా ఇది పోలే, గేటు దగ్గర నిలబడి పిల్లగాని ముందట ఆ మాటకు జవాబు చెప్పాలంటే ఎంత చిన్నతనం అనిపిస్తదో. ఈ అన్న అట్లాంటి ఇండ్లకు మమ్మల్ని తీస్కపోలే, మాంసం వండనియ్యని ఇండ్లు కూడా ముందే తీసేసిండు. దీనికే నేను ఒక స్టార్ ఇస్తా.

పైసల సంగతికొస్తే, టూ బెడ్రూమ్ పోర్షన్ 9,500. ఓనర్ మూడు నెలల అడ్వాన్స్ అంటే మాట్లాడి రెండుకు తెచ్చిండు, అంటే 19,000. మొదటి నెల కిరాయి 9,500, బ్రోకర్‌కు సగం నెల 4,750, సామాన్ల బండి 4,000, మొత్తం 37,250 చేతుల ఉంటేనే తాళం చేతికొచ్చింది. పాత ఓనర్ అడ్వాన్స్ అప్పుడే తిరిగియ్యడు కాబట్టి ఇది వేరేగ జమ చేసుకోవాలె, కిరాయి అందుబాటుల ఉన్నా చాలామంది ఇక్కడనే ఆగిపోతరు. ఇల్లు చూపించినందుకు ఫీజు లేదు, తాళాలిచ్చినంకనే కమిషన్ తీసుకున్నడు.

ఇగ స్టార్ తగ్గిందెందుకంటే అగ్రిమెంట్. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలె కాబట్టి అందరి లెక్కనే 11 నెలలకు రాసిండు, అది సరే. కానీ ఏటా 10 శాతం పెంపు, ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఒక నెల కిరాయి కట్ అని అండ్ల ముందే టైప్ చేసి ఉన్నది, సంతకం పెట్టే టైంకు గాని మాకు చెప్పలే. అంత మంచిగ చూసినోడు ఇది ముందే చెప్పాల్సింది. మేం కూసొని మాట్లాడితే 5 శాతానికి ఒప్పుకున్నరు, రంగుల కట్ మాత్రం రెండేండ్లు ఉంటే ఉండదని రాయించుకున్నం.

ఈయనతోనే కాదు, ఏ బ్రోకర్‌తోనైనా అగ్రిమెంట్ కాపీ ముందురోజే వాట్సాప్‌ల పెట్టమనండి. తర్వాత మా చెల్లెలికి అన్నోజిగూడల ఇల్లు చూసినప్పుడు అట్లనే అడిగినం, ఏం అనకుండ పంపిండు, టోకెన్ ఇయ్యకముందే రెండు లైన్లు కొట్టేయించినం.