రాడ్ కట్టే సామాను: ఎక్కడ మిగిలింది, ఎక్కడ మునిగాను

ముందే చెప్పేస్తున్నా, డబ్బు మిగులుతుందని ఫిషింగ్ రాడ్ సొంతంగా కట్టుకుందాం అనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. దుకాణంలో దొరికే మామూలు రాడ్ లాంటిదాన్ని ఆ ధరకి మనం కట్టలేం. కంపెనీవాళ్లు గైడ్లు (గాలం తాడు, అంటే లైన్, జారే రింగులు) వేలల్లో కొంటారు, మనం పది కొంటాం, ఆ తేడా మన జేబులోంచే పోవాలి. కాస్త పై స్థాయి రాడ్లతో పోల్చుకుంటే మాత్రం లెక్క మారుతుంది, అదే రకం బ్లాంక్ (గైడ్లూ పిడీ ఏమీ లేని ఒట్టి కర్ర), అదే రకం గైడ్లు విడిగా తెచ్చుకుని ఇంట్లో కూర్చుని దారంతో చుట్టుకుంటే బాగానే మిగులుతుంది, మన చేతి పనికి కూలి వేసుకోకపోతే. నేను ఇప్పటికి నాలుగు కట్టాను. మొదటిది కిట్ కొని, రెండోది ఎక్కడ ఏది చౌకగా కనిపిస్తే అది ఏరుకొచ్చి, మిగతా రెండూ ఆ దెబ్బలు తిన్నాక కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని. ఈ నాలుగింటికీ కొన్న సామాను గురించే ఈ రివ్యూ.

ముందు కిట్ సంగతి. డబ్బా విప్పితే బ్లాంక్, రీల్ సీట్ (రీల్ బిగించే చోటు), పిడి ముక్కలు, గైడ్ల సెట్, టిప్ టాప్ (కర్ర కొనకి తొడిగే చివరి గైడ్), ఒక దారం ఉండ, జిగురు, పైపూత (గైడ్లు కట్టిన దారం మీద పూసేది), వాటితోపాటు దారం చుట్టడానికి ఒక స్టాండ్, బ్రష్‌లు, దారం సర్దే పుల్ల, ఇంకా ఏవేవో. అన్నీ ఒకదానికొకటి సరిపోయాయి, మనం కట్టే డబ్బులో అసలు విలువ ఇదే. ఎందుకంటే ఈ సామాను కొలతలు ఒక పద్ధతిలో ఉండవు. టిప్ టాప్ గొట్టం కొలత అంగుళంలో 64వ వంతుల్లో చెబుతారు, గైడ్ రింగు కొలత మిల్లీమీటర్లలో, రీల్ సీట్ లోపలి బెజ్జం కూడా మిల్లీమీటర్లలో, బ్లాంక్ పొడవేమో అడుగులూ అంగుళాలూ. కొత్తవాడికి ఇది తలనొప్పి, కిట్ ఆ తలనొప్పి తీసేస్తుంది. కానీ స్టాండ్, బ్రష్‌లు, పుల్ల... వీటికి నేను కట్టిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది, ఆ స్టాండ్ రెండో రాడ్ నుంచి అటక మీదే ఉంది. కాబట్టి మొదటిసారి అయితే కిట్ కొనండి, పనిముట్లు లేని కిట్ దొరికితే ఇంకా మంచిది. రెండోసారి మాత్రం వద్దు.

రెండో రాడ్ దగ్గరే నా తెలివి బయటపడింది.

టిప్ టాప్ అంచనాగా 6 సైజు తెప్పించాను, 64లో 6 అంటే 2.4 మిల్లీమీటర్లు, నా బ్లాంక్ చివర చూస్తే 2 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ, అంటే 5 సైజు కావాలి. సగం మిల్లీమీటరే కదా అనిపిస్తుంది, తొడిగి చూస్తే గిలక్కాయలా ఊగింది. చివరకు దారం చుట్టి లావు చేసి అంటించాను, పని జరిగింది గానీ చూడ్డానికి కట్టు కట్టిన వేలులా ఉంది. తర్వాత ఒక వెర్నియర్ కాలిపర్ కొన్నాను, మామూలు చౌక రకమే. ఈ హాబీలో నేను పెట్టిన ఖర్చుల్లో దానికి మించిన లాభం ఇచ్చింది ఇంకోటి లేదు. బ్లాంక్ చేతికి వచ్చి, చివరా మొదలూ కొలిచాకే మిగతావి ఆర్డర్ పెట్టండి. అలా చేస్తే రెండుసార్లు రవాణా ఖర్చు పడుతుంది కదా అని అడుగుతారు, పడుతుంది, అమ్మేవాళ్ల పేజీలో చివరి కొలత స్పష్టంగా రాసి ఉంటే ఆ ఖర్చు తప్పించుకోవచ్చు.

రవాణా అంటే గుర్తొచ్చింది, మనల్ని ముంచేది ఎక్కువసార్లు అదే. ఒకే ముక్కగా ఉండే ఏడడుగుల బ్లాంక్‌ని పొడవాటి గొట్టంలో పెట్టి పంపాలి, దానికి పొడవు సరుకు అని వేరే రేటు వేస్తారు, చారాణా కోడికి బారాణా మసాలా అన్నట్టు ఒక్కోసారి బ్లాంక్ కంటే రవాణాయే ఎక్కువ అవుతుంది. రెండు ముక్కల బ్లాంక్ తీసుకుంటే ఆ గొడవ సగం తగ్గుతుంది. రెండు ముక్కలైతే వంపు పాడవుతుందని కొందరు ఇప్పటికీ అంటుంటారు, హాబీగా చేసుకునేవాడి చేతికి ఆ తేడా తెలుస్తుందని నాకైతే నమ్మకం లేదు. లేదా ఇంకో ఇద్దరితో కలిసి ఒకే గొట్టంలో మూడు తెప్పించుకోండి, నా మూడోదీ నాలుగోదీ అలాగే వచ్చాయి.

బ్లాంక్‌లలో సెకండ్స్ అని అమ్ముతారు, రంగు పూతలో మచ్చో, పైన గీతో ఉండి మొదటి రకంలోంచి తీసేసినవి. నా మూడో రాడ్ అదే. పూతలో ఒకచోట చిన్న బుడగ ఉంది, దాని మీదుగానే ఒక గైడ్ దారం వచ్చేలా చూసుకున్నాను, ఇప్పుడు వెతికినా కనపడదు. ధర దాదాపు సగం. ఒకటే జాగ్రత్త, లోపం పూతలోనా, కర్రలోనా అని అమ్మేవాణ్ని అడగాలి. వచ్చాక చదునైన బల్ల మీద దొర్లించి చూడండి, ఒక కన్ను మూసి మొదలు నుంచి చివరదాకా చూడండి. కొంచెం వంకర ఉంటే భయం లేదు, ఆ వంకర పైకో కిందికో వచ్చేలా పెట్టి గైడ్లు కట్టేస్తే సరిపోతుంది. నలిగిన మచ్చ, గోటికి తగిలే చీలిక ఉంటే మాత్రం తిప్పి పంపేయండి, గ్రాఫైట్ (కార్బన్ పోగులతో చేసిన) కర్ర, బరువు పడగానే విరిగేది అలాంటి చోటే. పేరూ ఊరూ లేని ఒక అమ్మకందారు దగ్గర తీసుకున్న బ్లాంక్ చెప్పిన దానికంటే మూడు అంగుళాలు పొట్టిగా వచ్చింది, అడిగితే జవాబు లేదు. నేర్చుకునేటప్పుడు గ్రాఫైట్ కంటే ఫైబర్‌గ్లాస్ బ్లాంక్ చౌక, బరువెక్కువ గానీ మన మొరటు చేతుల్ని భరిస్తుంది.

ఇక గైడ్లు. ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, ఎక్కువమంది ఇక్కడే ఎక్కువ పెడతారు లేదా బొత్తిగా తక్కువ పెడతారు.

అడుగుకో గైడ్, అదనంగా ఇంకొకటి, టిప్ టాప్ వేరు, ఇది పాత లెక్క. ఏడడుగుల రాడ్‌కి ఎనిమిది. లెక్క ఎలా ఉన్నా ముందు టేపుతో తాత్కాలికంగా అంటించి, లైన్ ఎక్కించి, చివర బరువు కట్టి వంచి చూడాల్సిందే. లైన్ ఎక్కడైనా బ్లాంక్ వంపుని వదిలేసి గైడ్‌కీ గైడ్‌కీ మధ్య తిన్నగా అడ్డం పడుతుంటే అక్కడ ఇంకో గైడ్ కావాలి, అందుకే చిన్న సైజువి ఒకటి రెండు ఎక్కువ తెప్పించుకోండి. రింగు విషయానికొస్తే అల్యూమినియం ఆక్సైడ్ చౌక, సిలికాన్ కార్బైడ్ ఖరీదు. రెండోది గట్టిది, నునుపు ఎక్కువ, రాపిడి వేడిని త్వరగా వదిలేస్తుంది. అన్నీ అదే వేయాలా అంటే నా మాట వద్దనే. లైన్ గట్టిగా ఒరుసుకునేది టిప్ టాప్ దగ్గర, తర్వాత రీల్‌కి దగ్గరగా ఉండే మొదటి గైడ్ దగ్గర. ఆ రెండూ సిలికాన్ కార్బైడ్, మధ్యలోవన్నీ అల్యూమినియం ఆక్సైడ్. నా నాలుగో రాడ్ అలాగే కట్టాను, అల్లిక లైన్ వాడుతున్నాను, ఇంతవరకు ఎక్కడా గీత పడలేదు. ఉప్పు నీళ్లలో వాడేవాళ్లు రింగుతోపాటు దాన్ని పట్టి ఉంచే ఫ్రేమ్ కూడా చూసుకోవాలి, నాసిరకం స్టీల్ తుప్పు పడుతుంది, టైటానియం పట్టదు, ధర మాత్రం గుండె ఆగేలా ఉంటుంది.

ఫుజి అనే కంపెనీ గైడ్లు వాడాను, పేరు లేనివీ వాడాను. ఫుజిలో రింగు ఊడటం నేను చూడలేదు, కాళ్లు (బ్లాంక్‌కి ఆనించి దారం చుట్టే భాగాలు) కూడా చాలావరకు నునుపుగా వస్తాయి. పేరు లేని సెట్‌లో పదింటిలో రెండింటి రింగులు వేలితో నొక్కితే కదిలాయి, ఒకదాని రింగులో వెంట్రుక వాసి పగులు. కంటికి కనపడదు, చెవి శుభ్రం చేసుకునే దూది పుల్ల రింగులో తిప్పితే పగులున్నచోట దూది పోగు పట్టుకుంటుంది, ఏ గైడ్ వచ్చినా ముందు ఇలా చూడండి. ఆ చౌక సెట్‌ని పూర్తిగా తిట్టను, మిగిలిన ఎనిమిదీ పనికొచ్చాయి, కాళ్ల చివర్లు ఆకురాయితో పలచగా అరగదీసి, అడుగున ఉన్న పదును తీసేశాక. ఆ పదును తీయకుండా కడితే బ్లాంక్‌ని అదే కోస్తుంది. ఒక సాయంత్రం మొత్తం ఆ అరగదీయడానికే పోయింది, దాన్నీ ధరలో కలుపుకోండి.

దారం దగ్గర ఎంత పొదుపు చేసినా ప్రాణానికేం కాదు. నైలాన్, సన్న రాడ్లకు ఎ సైజు, లావు రాడ్లకు డి సైజు. 100 గజాల చిన్న ఉండతో నాకు దాదాపు మూడు రాడ్లు వచ్చాయి, పెద్ద ఉండ కొనేదాకా వెళ్లనక్కర్లేదు. ఒక మెలిక ఉంది, మామూలు నైలాన్ మీద ఎపాక్సీ (పైపూతగా వాడే, రెండు భాగాలు కలిపే జిగురు) పడగానే రంగు ముదిరిపోయి లోపలి గైడ్ కాలు కనిపించేంత పారదర్శకం అవుతుంది. నా మొదటి రాడ్ ఎర్ర దారం ఎండాక వక్క రంగులోకి దిగింది, నేను ఏదో తప్పు చేశాననుకుని రాత్రంతా టెన్షన్ పడ్డాను. రంగు అలాగే నిలవాలంటే ఎన్‌సీపీ అని రాసి ఉన్న దారం తీసుకోండి, రంగు నిలబెట్టే పూత వేరే కొనక్కర్లేదు. నలుపు తీసుకుంటే అసలు ఈ గొడవే లేదు.

పైపూత ఎపాక్సీ మీద మాత్రం పీనాసితనం వద్దు, ఇది నేను ఒళ్లు కాలి చెబుతున్నాను. రాడ్‌ల కోసం చేసే రెండు సీసాల ఎపాక్సీ ఎండాక కూడా రాడ్‌తోపాటు వంగుతుంది. మామూలు ఐదు నిమిషాల రకం పెళుసు, పైగా పసుపెక్కుతుంది. రెండో రాడ్‌కి రీల్ సీట్ దానితోనే అంటించాను, ఒక సీజన్ గడిచేసరికి చేప లాగినప్పుడల్లా సీట్ కదలడం మొదలైంది, కోసి తీసి మళ్లీ నిదానంగా ఆరే జిగురుతో వేశాను. చిన్న సీసాలే కొనండి, ఏడాదికి రెండు రాడ్లు కట్టేవాడికి పెద్దవి దండగ. నిల్వలో రెసిన్ పంచదారలా గడ్డ కడితే పారేయకండి, సీసాని వేడి నీళ్లలో ఉంచితే మామూలుగా అయిపోతుంది.

ఈ ఎపాక్సీ రెండు భాగాలూ సరిసమానంగా కలపాలి, దానికి సిరంజీలు కావాలి. కిట్‌లోవి అయిపోతే మందుల షాపులో సూది సిరంజీలు తెచ్చాను, చౌక కదా అని. రబ్బరు బిరడా ఉన్న ఆ సిరంజీలు సాఫీగా జారడానికి లోపల సిలికాన్ రాస్తారు, అది ఎపాక్సీలో కలిస్తే పూత దారం మీద పరుచుకోకుండా అక్కడక్కడా గుండ్రంగా వెనక్కి తగ్గిపోతుంది. వీటినే ఫిష్ ఐ అంటారు. చేపలు పట్టే కర్ర మీద చేప కళ్లు, ఇంకేం కావాలి. మొత్తం గరుకు కాగితంతో పలచగా రుద్ది, స్పిరిట్‌తో తుడిచి మళ్లీ పూత వేయాల్సి వచ్చింది. రబ్బరు లేని పూర్తి ప్లాస్టిక్ సిరంజీలు దొరుకుతాయి, అవి తీసుకోండి. ఒక్కో భాగం మూడు సీసీలకు తగ్గకుండా కలపండి, అంతకంటే తక్కువైతే చిన్న తేడా కూడా పెద్దదవుతుంది, పూత ఎన్నాళ్లకూ జిగటగానే ఉండిపోతుంది. మిగిలింది పారబోయాల్సి వస్తుంది, పారబోయండి.

పనిముట్లకు నేనిప్పుడు దాదాపు ఏమీ పెట్టను. అట్టపెట్టెకి రెండు వైపులా వి ఆకారంలో కోస్తే అదే స్టాండ్, దారం ఉండ కప్పులో వేసి, దారాన్ని లావుపాటి పుస్తకం పేజీల మధ్య నుంచి లాగితే అదే బిగింపు, ఇంకా బిగువు కావాలంటే పుస్తకం మీద ఇంకో పుస్తకం. పూత ఆరేదాకా రాడ్ నెమ్మదిగా తిరుగుతూ ఉండాలి, లేకపోతే కిందికి కారి వేలాడుతుంది, దానికి మైక్రోవేవ్‌లో పళ్లెం తిప్పే మోటార్ చక్కగా సరిపోయింది, నిమిషానికి ఐదారు చుట్లు. పాత మైక్రోవేవ్ విప్పి తీయొద్దు, ప్లగ్ పీకేసినా లోపలి కెపాసిటర్ ప్రాణం తీసేంత షాక్ కొడుతుంది. ఆ మోటార్ స్పేర్ పార్ట్‌గా విడిగా దొరుకుతుంది, ఎన్ని వోల్టులదో చూసి తీసుకోండి, కొన్ని నేరుగా ప్లగ్‌లో పెట్టేవి కావు.

పిడికి నా ఓటు ఈవీఏ ఫోమ్‌కే (మెత్తటి ప్లాస్టిక్ స్పాంజి లాంటిది). చౌక కార్క్ చూడ్డానికి నున్నగా ఉంటుంది, రుద్దడం మొదలుపెడితే గుంతల్లో నింపిన పొడి రాలిపోయి మశూచి మచ్చల్లా తేలుతుంది. మంచి కార్క్ అద్భుతంగా ఉంటుంది, ధర కూడా అంతే అద్భుతం. రీల్ సీట్‌లో మాత్రం గ్రాఫైట్ కలిపిన మామూలు నైలాన్ రకమే చాలు, మెరిసే లోహపు వాటికి డబ్బు పోయకండి, మరలు బిగించి మీ రీల్ కాలు కదలకుండా కూర్చుంటుందో లేదో చూసుకుంటే అయిపోయింది.

ఇప్పుడు కడుతున్న ఐదో రాడ్‌కి బ్లాంక్ కొనలేదు. మూలన పడి ఉన్న పాత విరిగిన రాడ్ ఒకటి దొరికింది, చివర ఒక జానెడు పోయింది, మిగతాదంతా బాగుంది. గైడ్ కాలు మీదుగా బ్లేడుతో దారం కోసి, కాస్త వెచ్చజేసి గైడ్లు ఒలిచేశాను, బ్లాంక్ వైపు బ్లేడు పోకుండా చూసుకోవాలి అంతే. దూది పుల్ల పరీక్షలో తొమ్మిదింటిలో ఆరు పాసయ్యాయి. చివర కొలిస్తే 2.8 మిల్లీమీటర్లు, అంటే టిప్ టాప్ 7 సైజు, ఈసారి కొలిచాకే ఆర్డర్ పెట్టాను.